ఊడిన పన్ను, నల్లబడిన పాలపన్ను: కూకట్‌పల్లి అమ్మ ప్రశ్నకు జవాబు

మీరు రాసిన దాని సారాంశం ఇది. ఎనిమిదేళ్ల బాబు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కేటింగ్ చేస్తూ బోర్లా పడ్డాడు. పై ముందు పన్ను వేరుతో సహా బయటికి వచ్చేసింది. దాన్ని టిష్యూలో చుట్టుకుని సాయంత్రం ట్రాఫిక్‌లో కూకట్‌పల్లి నుంచి పంజాగుట్టలో పేరున్న డాక్టర్ దగ్గరికి చేరేసరికి గంటన్నర అయింది. ఆయన పన్ను మళ్లీ పెట్టి తీగతో కట్టారు గానీ, "ఎన్నాళ్లుంటుందో చెప్పలేను" అన్నారు. రెండో సంగతి, మూడేళ్ల పాప ఆర్నెల్ల కిందట టీపాయ్ అంచుకి కొట్టుకుంటే ఒక పాలపన్ను నల్లబడింది. అత్తగారు తీయించేయమంటున్నారు, మీకు మనసొప్పడం లేదు.

ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాప పన్ను తీయించకండి, ఇప్పట్లో అవసరం లేదు. బాబు విషయంలో మీ డాక్టర్ మీకు నిజమే చెప్పారు. పన్ను పెట్టి మంచి పని చేశారు, మాట ఇవ్వకపోవడం ఇంకా మంచి పని. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో పిల్లల పళ్లే చూస్తున్నాను. ఇలాంటి కేసులో "ఏం ఫరవాలేదు, జీవితాంతం ఉంటుంది" అనే డాక్టర్‌ని చూస్తే నాకు భయం.

ఎందుకో చెప్పాలంటే పన్ను ఎముకలో ఎలా నిలబడుతుందో తెలియాలి. గోడలో మేకు దిగినట్టు దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో ఐదోవంతు మందం ఉండే సన్నటి పొర ఒకటి ఉంటుంది. సన్నని నార పోగుల్లాంటివి, వాటి మధ్య బతికున్న కణాలు. పన్ను ఊడినప్పుడు ఆ పొర చిరిగి సగం ఎముక గూట్లో, సగం వేరు మీద ఉండిపోతుంది. మనం కాపాడాల్సింది పన్నుని కాదు, వేరుకి అంటుకున్న ఆ తడి పొరని. గాలి తగిలితే అది ఎండిపోతుంది. అరగంటకి చాలా కణాలు చచ్చిపోతాయి, గంట దాటితే అన్నీ పోయాయనే లెక్క. టిష్యూ పేపర్ ఇంకా అన్యాయం, ఉన్న తడిని కూడా పీల్చేస్తుంది.

పొర బతికుండగా పన్ను తిరిగి గూట్లోకి వెళ్తే అతుక్కుని మామూలు పన్నులాగే ఉండిపోవచ్చు. పొర చచ్చాక వెళ్తే పన్ను నిలబడుతుంది గానీ నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. శరీరం ఆ వేరుని కూడా ఎముకే అనుకుంటుంది. మన ఎముక ఎప్పుడూ కొంచెం కొంచెంగా కరిగి కొత్తగా తయారవుతూ ఉంటుంది కదా, ఆ పనిలో వేరుని కూడా కరిగించి దాని స్థానంలో ఎముక నింపేస్తుంది. ఎదిగే పిల్లల్లో ఇది పెద్దవాళ్లలో కన్నా వేగంగా జరుగుతుంది. అలా అతుక్కున్న పన్నుని మేం నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం పిడితో తడితే ఇత్తడి గిన్నె మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. పక్క పన్ను మెత్తగా పలుకుతుంది. ఆ తేడా ఒక్కసారి విన్నారంటే మీరూ పట్టేస్తారు.

మరి ఇంత తెలిసీ ఎందుకు పెట్టడం? పన్ను లేకపోతే ఆ చోట ఎముక సన్నబడిపోతుంది. ఎనిమిదేళ్ల వాడికి ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, వేయలేం, దవడ ఎదుగుదల ఆగాకే, అంటే పద్దెనిమిది దాటాకే ఆ మాట. అంతవరకూ ఎముకని పట్టి ఉంచడానికీ, వాడు బళ్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడానికీ సొంత పన్నుని మించింది లేదు. ఐదేళ్లు నిలబడినా లాభమే.

ఇక ముందు జరగబోయేది వరసగా చెప్తాను, అప్పుడు టెన్షన్ కొంచెం తగ్గుతుంది. తీగ రెండు వారాలు ఉంటుంది. అది సన్నగా, కాస్త వంగేలా ఉండాలి, 0.4 మిల్లీమీటర్ల లోపు. కదలకుండా బిగించి కడితే మంచిదని చాలామంది అనుకుంటారు, కానీ పన్ను కొద్దిగా కదులుతూ ఉంటేనే ఎముకకి అతుక్కునే ముప్పు తగ్గుతుంది. ఆ రెండు వారాలు పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం. సకినాలు, మురుకులు, చెరుకుముక్కలు బంద్. మెత్తటి బ్రష్‌తో తోమించాలి, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్లతో రోజుకి రెండుసార్లు పుక్కిలించాలి. నొప్పి భయంతో ఆ పక్క తోమకుండా వదిలేస్తారు పిల్లలు, అక్కడే చీము మొదలవుతుంది. యాంటీబయాటిక్ రాసే ఉంటారు, కోర్సు పూర్తి చేయండి. సెల్లార్ దుమ్ములో పడ్డాడు కాబట్టి టీకాల కార్డు మీ పిల్లల డాక్టర్‌కి చూపించి, టెటనస్ బూస్టర్ అవసరమా అని అడగండి.

రూట్ కెనాల్, అంటే పన్ను లోపలి నరం తీసేసి శుభ్రం చేసి మూసేయడం, ఎప్పుడు అన్నది ఎక్కువమంది తికమకపడే చోటు. వేరు పూర్తిగా తయారైన పన్నుకైతే పెట్టిన రెండు వారాల లోపే మొదలుపెట్టేస్తాం. మీ బాబుది అలా కాదు. పై ముందు పన్ను ఏడెనిమిదేళ్లకి బయటికొస్తుంది, వేరు చివర మూసుకోవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. అంటే వాడి వేరు కొన ఇంకా తెరిచే ఉండి ఉంటుంది. అలాంటి పన్నులోకి రక్తనాళాలు మళ్లీ పాకే అవకాశం ఉంది కాబట్టి కొన్నాళ్లు ఆగి చూస్తారు. గంటన్నర ఎండిన పన్నులో ఆ ఆశ తక్కువే. ఒకపక్క ఆశ, ఇంకోపక్క ప్రమాదం: లోపల నరం చచ్చి ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే లేత వేరుని వారాల్లోనే తినేస్తుంది. అందుకే రెండు వారాలకి, నెలకి, రెండు నెలలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే తీయించాలి. ఆ తర్వాత కనీసం ఐదేళ్లు ఏడాదికొకసారి. మొదటి మూడు నెలల విజిట్లు పెళ్లిళ్లున్నాయనో పరీక్షలున్నాయనో మానకండి. వాటిలోనే చిక్కు బయటపడుతుంది.

పన్నెండు, పద్నాలుగేళ్లప్పుడు పక్క పళ్లు దవడతో పాటు కిందికి ఎదుగుతుంటే ఈ పన్ను మాత్రం ఉన్నచోటే ఉండిపోయి పొట్టిగా కనబడవచ్చు. అప్పుడు కంగారు పడి పీకించకండి. పైభాగం కోసేసి, వేరుని చిగురు కింద ఎముకలోనే వదిలేసే పద్ధతి ఉంది. వేరు మెల్లగా ఎముకగా మారి, ముందుముందు ఇంప్లాంట్‌కి చోటు నిలబెడుతుంది. ఆ మధ్యకాలంలో పక్క పన్నుకి అతికించే పన్ను పెడతారు. అంటే ఈ పన్ను పోయినా దారి ఉంది.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది టిష్యూ కన్నా ఆ పంజాగుట్ట ప్రయాణం. కూకట్‌పల్లిలో సందుకో డెంటల్ క్లినిక్ ఉంది. ఊడిన పన్నుని గూట్లో పెట్టడానికి స్పెషలిస్ట్ అక్కర్లేదు, మీ సందు చివర ఉన్న బీడీఎస్ డాక్టర్ చాలు. ఆయన పెట్టి పంపిస్తే తీగ కట్టడం, తర్వాతి చికిత్స పెద్ద డాక్టర్ దగ్గర చూసుకోవచ్చు. క్లినిక్‌లన్నీ మూసి ఉంటే డెంటల్ విభాగం ఉన్న ఆస్పత్రికి ముందు ఫోన్ చేసి వెళ్లండి. డెంటల్ కాలేజీల్లో పిల్లల పళ్ల విభాగం విడిగా ఉంటుంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీ అఫ్జల్‌గంజ్‌లో ఉంది, ఖర్చు భారమనుకునేవాళ్లకి అది మంచి చోటు.

అసలైతే డాక్టర్ కన్నా ముందు పన్ను పెట్టాల్సింది పక్కనున్న మనిషే. మూడేళ్ల కిందట ఒక కేసు వచ్చింది. సంక్రాంతికి మిద్దె మీద పతంగులు ఎగరేస్తూ వెనక్కి నడిచి ట్యాంకు పైపు తట్టుకుని పడ్డ పదేళ్ల పిల్లాడు. తల్లిదండ్రులు ఊళ్లో లేరు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య పన్ను ఏరి, తెల్లటి భాగం పట్టుకుని, ఇంట్లో ఉన్న పాల ప్యాకెట్ కత్తిరించి స్టీలు గ్లాసులో పోసి అందులో వేసి, మూతగా చిన్న ప్లేటు పెట్టి ఆటోలో తీసుకొచ్చింది. ఇరవై నిమిషాల్లో నా దగ్గరున్నారు. ఎవరు చెప్పారమ్మా అంటే, "ఎండిపోతే బతకదనిపించింది సార్, నారుమొక్క తెచ్చినట్టు తెచ్చిన" అంది. ఆ పన్ను ఈనాటికీ బాగుంది. దంతాల గాయాల మీద జీవితమంతా పనిచేసిన డెన్మార్క్ డాక్టర్ ఆండ్రియాసెన్ 1960ల నుంచీ చెప్పుకుంటూ వచ్చిన విషయాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది.

దీనికి పూర్తిగా ఎదురు కేసు ఒక స్కూలు నుంచి వచ్చింది, పేరెందుకులెండి. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో పాప పడితే టీచర్ పాపం శ్రద్ధగా పన్నుని సబ్బుతో, బ్రష్‌తో తళతళలాడేలా తోమి, జామెట్రీ బాక్సులో పెట్టి ఇంటికి పంపించింది. ఆ పన్ను మీద పొర అన్నది మిగల్లేదు.

కాబట్టి ఇది చదివే మిగతావాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. ముందు పిల్లాడిని చూడండి, తర్వాతే పన్ను. స్పృహ తప్పాడా, వాంతి చేసుకున్నాడా, మగతగా ఉన్నాడా, చెవిలోంచి రక్తం వస్తోందా? వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి, పన్ను సంగతి దారిలో. పన్ను కనబడకపోతే మింగాడులే అని వదిలేయకండి. దగ్గుతుంటే, పిల్లికూతలు వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఎక్స్‌రే తీయాలి.

తర్వాత అది పాలపన్నా, శాశ్వత పన్నా తేల్చుకోవాలి. ఆరేళ్ల లోపు ముందు పన్నయితే దాదాపుగా పాలపన్నే. దాన్ని తిరిగి పెట్టకూడదు, పైన పెరుగుతున్న కొత్త పన్ను మొగ్గకి దెబ్బ తగులుతుంది. ఏడెనిమిదేళ్ల దగ్గరే పొరపాట్లు. "పాలపన్నేలే, మళ్లీ వస్తుంది" అని నాయనమ్మ పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేసిన శాశ్వత పన్ను కోసం ఒక తండ్రి పక్కింటి రేకుల మీద టార్చి వేసి వెతికిన రాత్రి నాకు తెలుసు. గుర్తు సులువే. శాశ్వత పన్ను వెడల్పుగా, కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది, కొత్తదైతే అంచు రంపంలా చిన్న చిన్న పళ్లతో ఉంటుంది, కింద పొడవాటి వేరు ఉంటుంది. తనంతట తాను ఊడిన పాలపన్నుకి వేరు దాదాపు ఉండదు.

శాశ్వత పన్నని తేలితే, నోట్లో కనబడే తెల్లటి భాగం పట్టుకోండి, వేరు ముట్టుకోకండి. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో ఒకసారి అలా కడగండి, రుద్దకండి. పక్క పన్ను ఎటు తిరిగి ఉందో చూసుకుని నెమ్మదిగా గూట్లోకి నెట్టి, మెత్తటి రుమాలు మడిచి పళ్ల మధ్య పెట్టి కొరికి పట్టుకోమనండి. చేతులు వణికితే, పిల్లాడు ఏడుపుతో నోరు తెరవకపోతే పాలలో వేసి పరుగెత్తండి. ఇంట్లో ఉన్న ఏ ప్యాకెట్ పాలైనా సరే, చల్లగా ఉంటే ఇంకా మంచిది. మజ్జిగ వద్దు, బాదం పాలు వద్దు. పాలు దొరకకపోతే పిల్లాడి చేతే ఒక గ్లాసులో ఉమ్మి వేయించి అందులో ముంచండి. మామూలు నీళ్లలో ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి, అయినా ఎండబెట్టడం కన్నా నీళ్లే నయం. ఐస్ ముక్కల్లో, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. పుండు మీద పసుపు, కాఫీ పొడి అద్దడం కూడా వద్దు. చిగుళ్లలో ఇరుక్కున్న కాఫీ పొడి కడగడానికి నాకు పావుగంట పడుతుంది, అంతసేపూ పిల్లాడు ఏడుస్తాడు.

పన్ను ఊడటం కన్నా విరగడమే మేం ఎక్కువగా చూస్తాం. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో, ఎక్కువగా పై ముందు పళ్లు. స్విమ్మింగ్ పూల్ గట్టు, బడి బెంచీ, బోరింగు పంపు పిడి, అన్నదమ్ముల తలకాయలు, ఇవే కారణాలు. విరిగిన ముక్క దొరికితే పారేయకండి, దాన్నే అతికించవచ్చు. ఒకామె ముక్కని కుంకుమ భరిణెలో భద్రంగా పెట్టి మూడో రోజు తీసుకొచ్చింది. కుంకుమ కడిగి, ఎండిపోయి సుద్దముక్కలా ఉన్నదాన్ని సెలైన్‌లో ఇరవై నిమిషాలు నానబెడితే మళ్లీ పన్ను రంగు వచ్చింది. అతికించాక ఆ అమ్మాయి అద్దంలో గీత ఎక్కడుందో వెతుక్కుంది. అన్నట్టు, విరిగిన పన్ను మీద లవంగ నూనె పెట్టకండి, దానివల్ల తర్వాత అతికించే మందు సరిగ్గా పట్టదు. ముక్క దొరక్కపోతే, పెదవి చిట్లి వాచి ఉంటే, అది పెదవిలోనే దిగబడి ఉండవచ్చు. పెదవికి ఎక్స్‌రే తీయమని అడగండి. కుట్లు వేసేశాక నెలకి పెదవిలో గట్టిగా తగులుతోందని వచ్చినవాళ్లున్నారు.

విరిగినచోట ఎర్రటి చుక్క కనబడితే నరం బయటపడిందని అర్థం. చిన్నపిల్లల్లో అంతమాత్రాన పూర్తి రూట్ కెనాల్ చేసేయకూడదు. పైపైన రెండు మిల్లీమీటర్ల మేర నరం తీసి, మిగిలిన దాని మీద మందు పెట్టి మూసేస్తాం. స్వీడన్ డాక్టర్ స్వెక్ 1978లో రాసిన పద్ధతి ఇది. లోపలి నరం బతికుంటే వేరు పెరగడం పూర్తవుతుంది, గోడలు గట్టిపడతాయి. నరం మొత్తం తీసేస్తే వేరు పల్చటి గుల్లలా ఉండిపోయి తర్వాత ఎప్పుడో జామకాయ కొరికితే విరుగుతుంది. ఎవరైనా ఎనిమిదేళ్ల వాడికి దెబ్బ తగిలిన మర్నాడే రూట్ కెనాల్, క్యాప్ అంటే ఇంకో అభిప్రాయం తీసుకోండి.

ఇప్పుడు పాప సంగతి. పాలపన్నుకి దెబ్బ తగిలితే లోపల చిన్న రక్తనాళాలు చిట్లి ఆ రంగు పన్నులోకి ఇంకుతుంది. కాలికి కమిలిన మచ్చ ఎలాగో ఇదీ అలాగే. కొన్ని నెలల్లో కొందరికి తగ్గుతుంది, కొందరికి పసుపుగా మారుతుంది, అంటే లోపల నరం ఉన్న గొట్టం సున్నంతో మూసుకుపోతోందన్నమాట, అదీ ప్రమాదం కాదు. కొందరికి నల్లగానే ఉండిపోతుంది. రంగు ఒక్కటే చూసి పన్ను చచ్చిందని చెప్పలేం, తీయాల్సిన పని అసలే లేదు. చిగురు మీద చీముపొక్కు లేస్తే, వాపు వస్తే, రాత్రి నొప్పితో లేస్తే, పన్ను మరీ వదులైతే అప్పుడు తీసుకురండి. మీ అత్తగారికి ఇలా చెప్పండి: "ఆరేడేళ్ల వయసు వచ్చేసరికి దానంతట అదే ఊడుతుందత్తయ్యా, డాక్టర్ గారు ఆగమన్నారు." ఆవిడ భయం అర్థం లేనిది కాదు. లోపల చీము పట్టిన పాలపన్ను పై పన్నుని పాడుచేస్తుందన్నది నిజమే, కానీ ఇక్కడ చీము లేదు.

పాలపన్ను చిగుళ్లలోకి దిగిపోయినా ఇంతే. రెండు మూడేళ్ల పిల్లలు పడితే ఎముక మెత్తగా ఉండటం వల్ల పన్ను విరగడం కన్నా లోపలికి దిగిపోవడం ఎక్కువ. చూడ్డానికి పన్ను మాయమైనట్టుంటుంది, తల్లులు హడలిపోతారు. చాలావరకు ఆరు నెలల్లో, ఒక్కోసారి ఏడాదికి, తనే కిందికి వస్తుంది. పైన ఉన్న శాశ్వత పన్ను మొగ్గకి ఆ దెబ్బ తగిలిందా లేదా అన్నది అప్పుడు తెలీదు. ఏడేళ్లకి ఆ పన్ను వచ్చినప్పుడు దాని మీద తెల్లటి లేదా గోధుమరంగు మచ్చ ఉండవచ్చు, అరుదుగా వేరు వంకరపోవచ్చు. మీ పాప విషయంలో కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, అప్పుడు కొత్తగా భయపడకుండా.

పాపని స్కూటర్ ముందు నిలబెట్టి తీసుకెళ్తారా? అడ్డంగా ఆటో వస్తే బ్రేక్ వేయగానే గడ్డం వెళ్లి హ్యాండిల్‌కి తగులుతుంది. గడ్డం కింద రెండు కుట్లు వేయించి ఇంటికొచ్చేస్తారు. ఆ దెబ్బ జోరు చెవి ముందున్న దవడ కీలు దాకా వెళ్తుంది. తర్వాత నోరు తెరిచేటప్పుడు దవడ ఒక పక్కకి జరుగుతున్నా, పై పళ్లూ కింది పళ్లూ మునుపటిలా కలవకపోయినా, ఆవలిస్తే చెవి ముందు నొప్పి అన్నా ఆ కీలు దగ్గర ఎముక విరిగిందేమో చూడాలి. పిల్లల్లో దాన్ని వదిలేస్తే మొహం ఒకవైపు ఎదగడం కుంటుపడుతుంది.

బాబు మళ్లీ స్కేటింగ్‌కి వెళ్తానని ఏడుస్తున్నాడని రాశారు. మానిపించకండి. తీగ తీశాక డాక్టర్ సరే అన్నప్పుడు నోటి గార్డుతో పంపించండి. స్పోర్ట్స్ దుకాణాల్లో వేడినీళ్లలో ముంచి కొరికించేవి దొరుకుతాయి, అచ్చు తీసి చేయించేవి ఇంకా బాగా కూర్చుంటాయి. వాడి వయసులో పళ్లు ఇంకా వస్తూ ఉంటాయి కాబట్టి ఏడాదికోసారి మార్చాలి, అందుకే ఇప్పుడు ఖరీదైనది చేయించమని నేను అనను. ఫొటోలో చూస్తే వాడి పై పళ్లు కొంచెం ముందుకు ఉన్నట్టున్నాయి. అలాంటి పిల్లలకి దెబ్బలు ఎక్కువ తగులుతాయి, క్లిప్పుల డాక్టర్‌కి కూడా ఒకసారి చూపించండి. దెబ్బ తిన్న పన్ను సంగతి ఆయనకి ముందే చెప్పండి, దాన్ని ఇప్పుడు క్లిప్పులతో లాగకూడదు.

తీగ తీసే రోజున ఎక్స్‌రే కాపీ అడిగి ఫోన్‌లో దాచుకోండి. రెండో నెల ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే వేరు అంచు నున్నగా ఉందా, చిమ్మెట కొరికినట్టుందా అన్నది మీకే కనబడుతుంది. రెండూ ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.